తీగెలేని ఛాయాచిత్రములు



ఈ నా మాటలు మీ చెవి సోకుటకు మన నడుమ తీగె అక్కఱలేదు గదా. నేటి కెమేరాలోని చిత్రమును అట్లే సెల్‌ఫోనులోనికి వచ్చుచున్నది. కెమేరా తనచుట్టును వై-ఫై అను చిన్నపాటి రేడియో ప్రసారము నెలకొల్పును. ఫోను సంకేతపదము చెప్పి అందులో చేరును. దీనికి ఇంటర్నెట్టుతో పనిలేదు. టవరు అందని కొండపల్లెలో పెండ్లి జరిగినను పందిటిలోనే చిత్రములు పంచుకొనవచ్చును.

2007లో అమెరికాలో ఐ-ఫై అను కంపెనీ, తపాలా బిళ్లంత కార్డులోనే ఈ రేడియోను ఇమిడ్చి అమ్మినది. మంచి ఉపాయమే. కాని 2016లో ఆ కంపెనీ పాతకార్డులకు సేవ నిలిపివేయగా, చెడని కార్డు చేతబట్టుకొని కొన్నవారు గగ్గోలు పెట్టిరి.

నేను ముఖ్యముగా చెప్పవలసినది వేఱొకటి కలదు. ఇట్లు వచ్చునది అసలు చిత్రము కాకపోవచ్చును. నికాన్ వారి స్నాప్‌బ్రిడ్జి, మనము వేఱుగా కోరనిచో, 240 లక్షల చుక్కల చిత్రమును 20 లక్షల చుక్కలకు కుదించి పంపును. వాట్సాపులో డాక్యుమెంటుగా గాక ఫొటోగా పంపినచో అది మఱల చిక్కిపోవును. ఫోను తెరపై ఈ లోటు కానరాదు. అవ్వగారు కాలము చేసిన పిదప పటము కట్టింపబోయి పెద్దది చేయించినప్పుడే, ఆమె ముఖము అలికినట్లుండుట తెలియును.

కావున కార్డును తుడిచివేయకముందే అసలు చిత్రములను కంప్యూటరులోనికి ఎక్కింపుడు. ఒక నకలు మీ యింటను, మఱియొకటి పొరుగూరి బంధువుల యింటను ఉంచుడు.