మన పంట లెక్కకు రసీదు ఏదీ?

(సంఘం శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



మిర్చికి ధర లేకపోతే గుంటూరులో కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుంటాం. అద్దె కడతాం, రసీదు తీసుకుంటాం. గోదాము వేరొకరిది, సరుకు మనది. ఈ రోజు మనం మాట్లాడుకోబోయేది కూడా ఒక గోదాము గురించే. దాన్ని క్లౌడ్ అంటున్నారు. పేరుకు మబ్బే గానీ, అది నేల మీదే ఉంటుంది. పెద్ద పెద్ద భవనాల్లో వేల కంప్యూటర్లు వరుసగా పెట్టి నడుపుతారు. సొంతంగా అన్ని యంత్రాలు కొనలేనివారు అక్కడ కావలసినంత జాగా, లెక్కలు కట్టే శక్తి అద్దెకు తీసుకుంటారు. మనం ట్రాక్టర్ కొనకుండా గంటల లెక్కన కిరాయికి దున్నించుకున్నట్టే.

రెండో మాట క్రౌడ్‌సోర్సింగ్. అంటే తలా ఒక చెయ్యి వేయడం. లక్షల మంది తలా కాస్త సమాచారం ఇస్తే, ఒక్కరివల్ల కాని పని అవుతుంది. ఈ రెండూ కలిశాక వ్యాపారాల తీరు మారింది. ఇప్పుడు మన చేలోకీ వచ్చాయి.

వీటివల్ల మేలు లేదని మనం అనడం లేదు. 2016 ఖరీఫ్‌లో కర్నూలు జిల్లా దేవనకొండ మండలంలో ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి 175 మంది రైతులతో ఒక ప్రయత్నం చేశాయి. దాదాపు ముప్పై ఏళ్ల వానల లెక్కలను క్లౌడ్‌లో మదింపు చేసి, వేరుశనగ ఎప్పుడు విత్తాలో తెలుగులో మెసేజ్ పంపారు. జూన్ మొదట్లోనే విత్తే అలవాటున్న చోట ఇంకొన్నాళ్లు ఆగమన్నారు. దిగుబడి 30 శాతం దాకా పెరిగిందని ఆ సంస్థలు ప్రకటించాయి. దీనికి స్మార్ట్‌ఫోన్ కూడా అక్కర్లేదు, మామూలు ఫోను సరిపోయింది. ప్రజలకు అందుబాటులో ఉంటే ఈ సాంకేతికత ఎంత పని చేయగలదో దీన్నిబట్టి అర్థమవుతుంది.

మరి సమస్య ఎక్కడుంది? తెగులు సోకిన ఆకును ఫోటో తీసి పంపితే తెగులు పేరు చెప్పే యాప్‌లు వచ్చాయి. జర్మనీలో పుట్టిన ప్లాంటిక్స్ ఇక్రిశాట్ సహకారంతో తెలుగులోకి కూడా వచ్చింది. ఇలాంటి యాప్‌లు పాఠం నేర్చుకునేది రైతులు పంపే ఫోటోలతోనే. మన పత్తి చేలో ఎర్రబారిన ఆకు, మన మిరప తోటలో ముడుచుకున్న ఆకు వాటికి పాఠ్యపుస్తకాలు. ఏ మండలంలో ఏ వారం ఏ పురుగు వచ్చిందో వేల ఫోటోలు కలిపి చూస్తే తెలిసిపోతుంది. ఆ కబురు వ్యవసాయాధికారికి చేరితే ఊరంతటికీ హెచ్చరిక అవుతుంది. మందుల వ్యాపారికి మాత్రమే చేరితే, అవసరం ఉన్నా లేకపోయినా మనకు అంటగట్టే సరుకు అవుతుంది. పాఠం చెప్పింది మనం. ఫీజు కట్టేదీ మనమేనా?

ఇక ప్రభుత్వం సంగతి. 2024 సెప్టెంబర్ 2న కేంద్ర మంత్రివర్గం రూ.2,817 కోట్లతో డిజిటల్ వ్యవసాయ మిషన్‌ను ఆమోదించింది. రైతుల రిజిస్ట్రీ, గ్రామ పటాలు, వేసిన పంటల నమోదు దీనిలో భాగం. ప్రతి రైతుకు ఒక గుర్తింపు సంఖ్య ఇస్తున్నారు. కానీ ఆ సంఖ్యకు ఆధారం భూమి రికార్డు. పట్టా లేని కౌలు రైతు ఎక్కడ? అరక పట్టేవాడు లెక్కలోకి రాకపోతే పంట నష్టపరిహారం, బీమా, కొనుగోలు అన్నీ పట్టాదారు పేరు మీదికే పోతాయి. కాగితం మీద తప్పు పడితే తహసీల్దారు ఆఫీసుకు తిరిగేవాళ్లం. కంప్యూటర్లో పడ్డ తప్పుకు ఎవరి గడప తొక్కాలి?

2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి అడిగేటప్పుడు మనకు తెలిసిన భాషలో చదువుకునే వీలుండాలి, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకునే వీలూ ఉండాలి. అయితే రాయితీలు, పథకాల విషయంలో ప్రభుత్వానికి అదే చట్టం సడలింపులిచ్చింది. కాబట్టి చట్టం ఉంది కదా అని ఊరుకోలేం.

అందుకే మనం నాలుగు విషయాలు డిమాండ్ చేస్తున్నాం. సాగు చేసే ప్రతి కౌలు రైతునూ రిజిస్ట్రీలో చేర్చాలి. రైతుల సమాచారాన్ని ఏ కంపెనీకి, ఏ షరతులపై ఇస్తున్నారో గ్రామసభలో తెలుగులో చెప్పాలి. మన సమాచారంతో తయారైన తెగుళ్ల, వానల హెచ్చరికలు రైతులందరికీ ఉచితంగా అందాలి. తప్పు పడితే సరిదిద్దే అధికారి మండలంలోనే ఉండాలి, దానికి గడువు ఉండాలి.

ఈలోగా మనం చేయాల్సిన పని కూడా ఉంది. పంట నమోదు కాగానే రసీదు అడగండి. సర్వే నంబరు, పంట, విస్తీర్ణం, సాగుదారు పేరు సరిచూసుకోండి. ఫోను పట్టుకుని ఎవరొచ్చినా, ఓటీపీ చెప్పేముందు ఎందుకో అడగండి. చదవడం రానివారికి సంఘం యువకులు పక్కన కూర్చుని చదివి వినిపించాలి.

గోదాములో పెట్టిన మిర్చి బస్తాకు రసీదు అడిగి తీసుకున్నవాళ్లం మనం. మన పంట లెక్కకూ అడుగుదాం. ఒక్కరు అడిగితే వినకపోవచ్చు. ఊరంతా కలిసి అడిగితే చెప్పక తప్పదు.