బిట్‌కాయిన్: ఆ పద్దు పుస్తకం ఎవరి చేతిలో ఉంది?



థింసా గురించి, మన పండగల గురించి మాట్లాడుకునే చోట బిట్‌కాయిన్ ఎందుకని పొద్దున ఒక పెద్దాయన అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మా హాస్టల్లో ఇంటర్ చదివే ఆడపిల్లలు సెలవులకు ఊరెళ్లి వచ్చినప్పుడల్లా ఈ మాట మోసుకొస్తున్నారు. ఒక పిల్ల ఇంట్లో కాఫీ గింజలు అమ్మిన డబ్బులో 20 వేలు, సంతలో పరిచయమైన ఒకాయన మాట నమ్మి ఏదో యాప్‌లో వేశారు. కొన్నాళ్లకు ఫోన్లో అంకె 60 వేలు చూపించింది. తీసుకుందామంటే ముందు టాక్స్ కింద ఇంకో 8 వేలు కట్టమన్నారు. "మేడం, బిట్‌కాయిన్ అనేది అసలు ఉందా, లేక అంతా మోసమేనా?" అని ఆ పిల్ల మమ్మల్ని అడిగింది.

మోసం, జోలికి పోవద్దు అని ఒక్క ముక్కలో చెప్పి పంపేయొచ్చు. కానీ ఆ వయసులో వద్దన్న దాని వైపే కాళ్లు పోతాయి. అందుకే మేము, మా ట్యూటర్లు కలిసి నాలుగు ఆదివారాలు దీనికే కేటాయించాం.

మొదటి ఆదివారం భోజనాలయ్యాక పన్నెండు మందిని గుండ్రంగా కూర్చోబెట్టాం. ఒక్కొక్కరికి ఒక నోటు పుస్తకం ఇచ్చాం. అందరికీ తలా పది చింతపిక్కలు ఉన్నట్టు అందరి పుస్తకాల్లోనూ రాయించాం. పిక్కలు చేతికివ్వలేదు, రాతలోనే. ఎవరు ఎవరికి ఇచ్చినా గట్టిగా చెప్పాలి, పన్నెండు మందీ రాసుకోవాలి. కాసేపటికి ఒక గడుసు పిల్ల తన చివరి మూడు పిక్కల్నే ఇద్దరికి ఇచ్చేసింది. "అవి ఇందాకే ఇచ్చేశావు కదే!" అని మిగిలినవాళ్లంతా ఒక్కసారే లేచారు. తన పుస్తకంలో అంకె దిద్దుకుంది గానీ ఏం లాభం? మిగతా పదకొండు పుస్తకాల్లో వేరే ఉంది.

మన తాతల కాలంలో షావుకారు దగ్గర ఒకే పద్దు పుస్తకం ఉండేది. రాసేది ఆయనే, చదివేది ఆయనే. చింతపండు తూకం ఎంత వేశాడో, అప్పు ఎంత పెరిగిందో ఆయన చెబితేనే మనకు తెలిసేది. పిల్లలకు ఈ సంగతి ఇళ్లలో విని తెలుసు కాబట్టి, పుస్తకం అందరి దగ్గరా ఉంటే ఏమవుతుందో విడమరిచి చెప్పాల్సిన పని పడలేదు.

బిట్‌కాయిన్ ఆ పన్నెండు పుస్తకాల ఆటే, చాలా పెద్ద ఎత్తున. 2008 అక్టోబరు 31న సతోషి నకమోటో అనే పేరుతో ఎవరో దీని పద్ధతి రాసి బయటపెట్టారు. ఆ మనిషి ఎవరన్నది ఈ రోజుకీ తేలలేదు. 2009 జనవరి 3న మొదటి పేజీ పడింది. అప్పటినుంచి సుమారు పది నిమిషాలకొక పేజీ చేరుతోంది. ప్రతి పేజీలో దాని ముందు పేజీ వేలిముద్ర లాంటిది ఉంటుంది, అందువల్ల పాత లెక్క దిద్దితే పట్టుబడిపోతుంది. ప్రపంచమంతా వేల కంప్యూటర్లలో ఈ పుస్తకం నకళ్లు ఉన్నాయి. మొత్తం నాణేలు 2 కోట్ల 10 లక్షలకు మించవు. పేజీ చేర్చే హక్కు కోసం కంప్యూటర్లు పడే పోటీని మైనింగ్ అంటారు. ఆ మాట వినగానే మా పిల్లలు బాక్సైటా అని ఉలిక్కిపడ్డారు! కాదు, ఇక్కడ తవ్వేది కొండను కాదు. కరెంటు మాత్రం విపరీతంగా తాగుతుంది.

మరి ఎవరికి పనికొచ్చింది? అఫ్గానిస్తాన్‌లోని హెరాత్ సంగతి పిల్లల్ని బాగా పట్టుకుంది. 2014 ప్రాంతంలో రోయా మహబూబ్ అనే వ్యాపారవేత్త, ఇంటర్నెట్‌లో రాసే ఆడపిల్లలకు బిట్‌కాయిన్‌లో కూలి చెల్లించింది. వాళ్లలో చాలామందికి బ్యాంకు ఖాతా లేదు. నగదు ఇస్తే ఇంట్లో మగవాళ్ల చేతికి పోయే ప్రమాదం ఉంది. అలా వచ్చిన డబ్బుతో ఊళ్లో నేరుగా ఏదైనా కొనడం మాత్రం అంత తేలిక కాలేదు. కానీ ఆ డబ్బు తాళం ఆ పిల్లల దగ్గరే ఉంది.

ఇంకోటి కాంగోలోని విరుంగా అడవి. కొండ గొరిల్లాలుండే జాతీయ పార్కు. కొవిడ్‌తో సందర్శకులు ఆగిపోయి ఆదాయం పడిపోయినప్పుడు, పార్కు వాళ్ల చిన్న జలవిద్యుత్ కేంద్రంలో మిగిలిన కరెంటుతో 2020లో మైనింగ్ మొదలుపెట్టి ఆ డబ్బును పార్కు ఖర్చులకు వాడారు. మన సీలేరు కరెంటు ఎక్కడెక్కడికి పోతోందో తెలిసిన పిల్లలు దీని మీద గంటసేపు వాదించుకున్నారు. మేము ఆపలేదు.

ఎల్ సాల్వడార్ దేశం 2021 సెప్టెంబరులో దీన్ని చట్టబద్ధమైన డబ్బుగా ప్రకటించింది, ప్రజలకు తలా 30 డాలర్ల విలువైన బిట్‌కాయిన్ ఇచ్చింది. అయినా ఎక్కువమంది డాలర్లే వాడుకున్నారు. 2025 జనవరిలో చట్టం మార్చి, దుకాణాలు తప్పనిసరిగా తీసుకోవాలన్న నియమం తీసేశారు. ఒక బిట్‌కాయిన్ ధర 2021 నవంబరులో 69 వేల డాలర్ల దాకా పోయి, ఏడాది తిరిగేసరికి 16 వేల దగ్గరికి పడింది. అలాంటి దానితో ఉప్పూ పప్పూ ఎలా కొంటారు?

మన ఏజెన్సీలో సిగ్నల్ దొరికిన చోట యూపీఐ ఖర్చు లేకుండా డబ్బు పంపుతోంది. కాబట్టి డబ్బు పంపుకోవడానికి ఇప్పుడు మనకు బిట్‌కాయిన్ అవసరం లేదనే మా అభిప్రాయం. మన దేశంలో అది చెల్లుబాటు డబ్బు కాదు. కొనడం అమ్మడం నేరమూ కాదు. 2022 నుంచి లాభం మీద 30 శాతం పన్ను ఉంది, నష్టం వస్తే వేరే లాభంలో తగ్గించుకోనివ్వరు.

ఇక ఆ కాఫీ డబ్బు సంగతి. నిజమైన బిట్‌కాయిన్ లావాదేవీకి ఒక నంబరు ఉంటుంది. దాన్ని ఎవరైనా బహిరంగ పుస్తకంలో వెతికి చూసుకోవచ్చు. ఆ పిల్ల యాప్ ఆయనకు ఫోన్ చేసి, మేము పక్కన కూర్చుని ఉండగా, "అన్నా, మా లెక్క ఏ పేజీలో పడిందో నంబరు చెప్పు" అని అడిగింది. ఆయన మొదట నవ్వాడు, తర్వాత కోప్పడ్డాడు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశాడు. అంటే 60 వేలు అన్న అంకె ఆయన ఒక్కడి పుస్తకంలోనే ఉంది. ఆ 8 వేలు కట్టలేదు. 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాం. 20 వేలు ఇంకా రాలేదు. ఇలాంటివి జరిగిన గంటల్లోనే ఫోన్ చేస్తే డబ్బు ఆపే అవకాశం ఎక్కువ, సిగ్గుపడి దాచుకుంటే అదీ పోతుంది.

పన్నెండు నోటు పుస్తకాలూ ఈ రోజు తెచ్చాం, పుస్తకాల స్టాలు పక్కన పెట్టాం. భోజనాలయ్యాక రండి. చివరి మూడు పిక్కల్ని ఇద్దరికిచ్చి మా పిల్లలకు దొరక్కుండా తప్పించుకోగలరేమో చూద్దాం.