అలవాటునకు పరీక్ష
(ఉపన్యాస పాఠము)



మన కార్యాలయములలో కొన్ని పద్ధతులకు "మొదటినుండియు ఇట్లే జరుగుచున్నది" అను మాట యొక్కటే ఆధారము. వానివలన కలుగు నష్టము సాధారణముగా కొంత కాలయాపనతో ముగియును. వైద్యములో నట్టి అలవాటునకు మూల్యము ప్రాణములు. అటువంటి అలవాటు నొకదానిని పరీక్షకు నిలిపిన ఒక వైద్యురాలి కృషిని గూర్చి నేడు మనవి చేసెదను.

సూక్ష్మజీవులు సోకినపుడు శరీరము వానితో పోరాడును. ఒక్కొక్కప్పుడు ఆ పోరాటము హద్దు మీరి గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండములు మొదలగు స్వంత అవయవములనే దెబ్బతీయును. దీనినే సెప్సిస్ అందురు. రక్తప్రసరణ మందగించి, కాళ్ళు చేతులు చల్లబడి, రోగి మగతలో పడును. అప్పుడు సెలైను వంటి ద్రవమును నరములోనికి అతివేగముగా ఎక్కించుట సంపన్న దేశములలో దశాబ్దములుగా సాగిన పద్ధతి. వినుటకు యుక్తియుక్తముగానే యుండును. కాని అత్యవసర చికిత్సా విభాగములు, కృత్రిమ శ్వాసయంత్రములు లేని ఆసుపత్రులలో అది బిడ్డలకు మేలు చేయునా? ఈ ప్రశ్నకు రుజువుతో కూడిన సమాధానము లేకుండెను.

లండన్ ఇంపీరియల్ కళాశాల ఆచార్యురాలు, శిశువైద్యురాలు కాథరిన్ మైట్లాండ్ గారు కెన్యా సముద్రతీరమందలి కిలిఫీ పట్టణములో చిరకాలము పనిచేసి, తీవ్ర జ్వరములతో వచ్చు బిడ్డల చికిత్సను పరిశోధించిరి. 2009వ సంవత్సరమున వారి నాయకత్వమున కెన్యా, ఉగాండా, టాంజానియా దేశములలోని ఆరు ఆసుపత్రులలో 'ఫీస్ట్' అను పరీక్ష ఆరంభమైనది. బిడ్డలందరికిని మామూలు మందులు, సంరక్షణ సమానముగా లభించెను. కొందరికి సెలైను, కొందరికి ఆల్బుమిన్ ద్రావణము వేగముగా ఎక్కించిరి. మిగిలినవారికి అట్లు ఎక్కింపలేదు. ద్రవము ప్రాణములు కాపాడుననియే పరిశోధకుల అంచనా.

ఫలితము విపరీతముగా వచ్చినది. ముఖ్య విభాగములోని 3,141 మంది బిడ్డలలో 48 గంటలలోపల మరణించినవారు ఆల్బుమిన్ వర్గమున నూటికి 10.6, సెలైను వర్గమున 10.5, వేగముగా ద్రవము ఎక్కింపని వర్గమున 7.3 మాత్రమే. స్వతంత్ర పర్యవేక్షక సంఘము సూచనపై 2011 జనవరిలో బిడ్డలను చేర్చుకొనుట నిలిపివేసిరి. ఆ సంవత్సరమే ఫలితములు ప్రకటితమైనవి. తమ అంచనా తప్పని తెలిసినపుడు దానిని దాచక లోకమునకు చెప్పుటయే ఇచట గొప్ప విషయము.

2013లో వెలువడిన విశ్లేషణ మరింత ఆలోచింపజేయును. మొదటి గంటలో ద్రవము పొందిన బిడ్డలే ఎక్కువగా కోలుకొన్నట్లు కనబడిరి: నూటికి 43 మంది, పొందనివారిలో 32 మంది. అయినను తుదకు మరణములు మొదటివారిలోనే అధికము. మంచము ప్రక్కన నిలిచిన వైద్యుని కంటికి మేలుగా తోచినది లెక్కలో కీడుగా తేలినది. అనుభవ మొక్కటే చాలదనుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

2020లో వెలువడిన అంతర్జాతీయ సూచనలు, అత్యవసర చికిత్సా సదుపాయము లేని చోట, రక్తపోటు పడిపోని బిడ్డలకు ఇట్లు వేగముగా ద్రవము ఎక్కింపరాదని చెప్పినవి. ఒక హెచ్చరిక: వాంతులు, విరేచనములతో నీరు కోల్పోయిన బిడ్డలు ఈ పరీక్షలో లేరు. వారికి ఉప్పు, చక్కెర కలిపిన ద్రావణము నేటికిని ప్రాణదాయకమే.

తల్లిదండ్రులకు ఒక్క మనవి. జ్వరముతో పాటు మగత, వేగమైన శ్వాస, చల్లబడిన కాళ్ళు చేతులు, తగ్గిన మూత్రము కనబడినచో తెల్లవారువరకు వేచియుండక ఆసుపత్రికి వెళ్ళుడు. ఇంటిలో చేయదగిన చికిత్స దీనికి లేదు.

ఇక ఫైళ్ళ మధ్య బ్రతుకు మనకు కూడ ఇందొక పాఠము కలదు. మంచిదని నమ్మిన దానినే ముందుగా పరీక్షింపవలెను; తప్పని తేలినపుడు ఒప్పుకొనవలెను. ఆ ధైర్యము లేనిచోట విద్వత్తు నిష్ఫలము.