చింత, జఠరాగ్ని


చింతాశోకభయాలు గలవానికి హితమైన మితాహారం కూడా అరగదని చరకాచార్యులు విమానస్థానంలో హెచ్చరించినారు. తీవ్రక్లేశానికి లోనైన ఎలుకల జఠరంలో వ్రణాలు ఏర్పడుటను హాన్స్ సెల్యే 1936లో లోకానికి తెలిపినారు. డోపమిన్ అనే ద్రవ్యం మెదడులోనే కాక జీర్ణకోశంలోనూ ఉన్నది. అది ఆమ్లస్రావాన్ని తగ్గించి లోపలి పొరను కాపాడుతుందని, దానిని అడ్డగించే మందులిస్తే వ్రణాలు అధికమవుతాయని జంతువులపై జరిపిన పరీక్షలలో తేలినది. అయితే అది ఇంకా మనకు చికిత్స కాలేదు. మనుష్యుల వ్రణాలకు ముఖ్యకారణాలు హెలికోబాక్టర్ పైలోరీ అనే సూక్ష్మజీవి, నొప్పిమాత్రలు. ఆ సూక్ష్మజీవిని కనుగొన్నవారికే 2005లో నోబెల్ లభించినది.

ఒకప్పుడు కుమార్తె వివాహచింతలో నేను మోకాళ్ల నొప్పికి మాత్రలు మింగుతూనే ఏకాదశి ఉపవాసాలు చేసినాను. మలం తారువలె నల్లబడినా, జపంతో తగ్గునని ఉపేక్షించినాను. చివరకు స్పృహ తప్పితే రక్తం ఎక్కించి బ్రతికించినారు.

జపం మనస్సును శాంతింపజేస్తుంది. రక్తమోడే వ్రణాన్ని వైద్యుడే మాన్పవలె. నల్లని మలం, రక్తవాంతి కనిపిస్తే దర్శనపు వరుసలో నిలువక ముందు ఆసుపత్రికి వెళ్ళండి. స్వామి ఎక్కడికీ పోడు, మీకోసం వేచి ఉంటాడు.

స్వస్తి.