తాళంచెవి ఎవరి చేతుల ఉన్నది?

(భద్రాచలంలో షాపు ఉద్యోగులు, విద్యార్థుల సభలో చేసిన ప్రసంగ పాఠం)



పెద్ద షాపుల్ల పనిచేసే ఆడవాళ్ల జీతాలు, ప్రమోషన్ల గురించి మాట్లాడమన్నరు. జీతం సంగతి అందరికీ అర్థమైతది. ప్రమోషన్ అనంగనే "అది ఆఫీసుల ముచ్చట గదా, బట్టల షాపుల ప్రమోషన్ ఏంది?" అని కొందరు అడిగిన్రు. నేను ఆడికెళ్లే మొదలుపెడ్త. ఎందుకంటె సమాన పనికి సమాన వేతనం అన్న మాటను ఇయ్యాల ఏ యజమానీ మొఖం మీద కాదనడు. కౌంటర్ల నిలబడ్డ ఆడపిల్లకు, మగపిల్లగానికి ఒకటే జీతం రాసి చూపిస్తడు. పదేండ్లయినంక ఆ పిల్లగాడు ఫ్లోర్ ఇన్‌ఛార్జి అయితడు. ఆ పిల్ల అదే కౌంటర్ల ఉంటది. జీతం కాడ కనపడని తేడా మెట్ల కాడ కనపడ్తది. నేను చెప్పదల్చుకున్నది ఈ మెట్ల గురించే.

ఇది షాపులతోని పుట్టిన జబ్బు గాదు. మన అడివిలకు పోయి చూడున్రి. చర్ల, దుమ్ముగూడెం, గుండాల దిక్కు ఎండకాలం వచ్చిందంటె తునికాకు. 50 ఆకులు ఒక కట్ట. కట్ట ఎవరు కట్టినా రేటు ఒకటే. ఆ రేటు పెంచుకోనీకి 1980ల్ల ఈ అడవుల్ల ఎంత కొట్లాట అయిందో పెద్దమనుషులకు యాదికున్నది. పొద్దు పొడవకముందే పోయి ఆకు తెంపేదాంట్ల, ఇంటికొచ్చి కట్ట కట్టేదాంట్ల ఆడవాళ్ల చెయ్యే ఎక్కువ. మరి కల్లంల కూసొని కట్ట లెక్కబెట్టేదెవరు? "ఈ ఆకు బాగలేదు" అని పక్కకు పడేసేదెవరు? కార్డు మీద రాసేదెవరు? కల్లేదారు. మీరెన్ని కల్లాల్ల ఆడ కల్లేదారును చూసిన్రో చెప్పున్రి. రేటు సమానమే. పెత్తనం సమానం గాదు.

మిరప చేన్లకు రాన్రి. ఖమ్మం మార్కెట్‌కు వచ్చే మిర్చి ఏరేదాంట్ల ముప్పావు వంతు కష్టం ఆడవాళ్లదే అంటె ఏ రైతూ కాదనడు. మనూరోళ్లు సాలకపోతె ఛత్తీస్‌గఢ్ నుంచి పిల్లాజెల్లా తోని వలస వస్తరు. దినమంతా వంగి ఏరేది ఆడ పని. బస్తా తొక్కేది, మోసేది, కాంటా పెట్టేది మగ పని. పనికి మగ పేరు పెట్టంగనే రేటు పెరుగుతది. నడుం ఎక్కడ ఎక్కువ ఇరుగుతదని ఎవరూ తూకం ఎయ్యరు.

ఇంక మన బొగ్గు సంగతి. ఇల్లెందు కాడ 1889ల తవ్వకం మొదలైంది. గనుల మీద 1952ల వచ్చిన చట్టం 46వ సెక్షన్ల ఆడవాళ్లను భూగర్భ గనిల పనికి పెట్టద్దన్నది. రక్షణ కోసమే అన్నరు. కానీ మైనింగ్ సర్దార్, ఓవర్‌మన్ అయ్యే తొవ్వ గని లోపలికెళ్లే పోతది. తొవ్వనే మూసేస్తె మెట్లు ఎట్ల ఎక్కాలె? 2019ల కేంద్రం సడలింపు ఇచ్చింది. అది గూడ భూగర్భంల సాంకేతిక, పర్యవేక్షణ, మేనేజ్‌మెంట్ పనులకే, పగటి పూటనే. అంటె ఒక్క తలుపు తెరవనీకి 67 ఏండ్లు పట్టింది.

ఇప్పుడు షాపుల్లకు రాన్రి. ఖమ్మంల, కొత్తగూడెంల, భద్రాచలంల బట్టల షోరూములు, సూపర్ మార్కెట్లు, బంగారం దుకాణాలు ఎట్ల పెరిగినయో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఇంటర్, డిగ్రీ చదివిన మన ఆడపిల్లలకు అవ్వే ఉద్యోగాలైనయి. బోనకల్లు నుంచి, బూర్గంపాడు నుంచి బస్సెక్కి వస్తున్నరు. ఒక్కొక్క షాపుల చీరల కాడ, పిల్లల బట్టల కాడ, బిల్లింగ్ కాడ అందరూ వాళ్లే. షాపు అమ్మకం నడిచేదే వాళ్ల మాట మీద. ఆ పిల్లలను దాటి పైకి చూడున్రి. ఫ్లోర్ ఇన్‌ఛార్జి మగ. స్టాకు కొననీకి సూరత్ పోయేది మగ. లెక్క చూసేది మగ. మేనేజర్ మగ. రాత్రి షట్టర్ దించి తాళం ఏసేది మగ. ఆదివాసీ పిల్లకైతె ఇంకో మెట్టు కిందనే జాగ. ఆమెను కౌంటర్ కాడికి గూడ రానియ్యరు, ప్యాకింగ్ల పెడ్తరు.

ఎందుకయ్యా అని యజమానిని అడిగితె మూడు జవాబులు చెప్తడు. మూడింటినీ ఒక్కొక్కటి తూకం ఏద్దాం.

మొదటిది: "పెండ్లయితది, కాన్పు అంటది, ఆర్నెల్లు సెలవు అంటది. అంత భారం ఎట్ల మోస్తం?" 2017ల ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలకు పెరిగిన మాట నిజం. కానీ ఈఎస్ఐ వర్తించే చోట, చందా కట్టిన దినాలు నిండిన కార్మికురాలికి ఆ సెలవు జీతం ఇచ్చేది ఈఎస్ఐ. యజమాని జేబు కాదు. యజమాని కట్టే చందా 2019 జులై నుంచి జీతంల 3.25 శాతం, కార్మికులది 0.75 శాతం. మగపిల్లగాని మీద కట్టేది గూడ గంతే. అంటె భారం అన్నోడు ఒకటి తెలువక అంటున్నడు, లేకపోతె ఆ పిల్లకు ఈఎస్ఐ ఎగ్గొట్టి అంటున్నడు. రెండోదైతె అసలు దోషం ఆమె కడుపుది గాదు, అతని రిజిస్టరుది.

రెండోది: "రాత్రి పది దాంక ఉండాలె. లెక్క మూసి తాళం ఎయ్యాలె. ఆడపిల్ల ఎట్ల ఉంటది?" ఇది ఒట్టి సాకు గాదు. పది గంటలకు బూర్గంపాడు పోయే పిల్లకు బస్సేది? తల్లిదండ్రుల భయం గూడ నిజమే. కాని గిరాకి ఉన్న పండుగ దినాల్ల అదే పిల్లను రాత్రి దాంక నిలబెట్టుకుంటున్నరు గదా! అప్పుడు లేని భయం ప్రమోషన్ ఇచ్చేటప్పుడే ఎట్ల వస్తది? 2025 నవంబర్ 21 నుంచి అమల్లకు వచ్చిన కార్మిక కోడ్లల్ల, పనిస్థలాల భద్రత కోడ్ ఆడవాళ్లు అన్ని పనులకు అర్హులే అన్నది. రాత్రి ఏడు దాటితె ఆమె ఒప్పుకోవాలె, భద్రత ఏర్పాట్లు చెయ్యాలె అన్నది. షాపు మూసినంక ఇంటికాడ దించే బండి పెట్టేది యజమాని బాధ్యత చేస్తె ఈ రెండో జవాబు నిలవదు. ఇన్‌ఛార్జి పనికి తాళం ఏసుడే అర్హత గాదు. తాళం ఇద్దరి మధ్య వంతులవారీగా నడవొచ్చు.

మూడోది అన్నింటికన్న చల్లగ చెప్తరు: "మేం ఎవరినీ ఆపలేదు. వాళ్లే అడగలేదు." ఎట్ల అడుగుతరు? జాగ ఖాళీ అయినట్టు గోడకు కాగితం అంటించిన్రా? ఏ అర్హత కావాలెనో చెప్పిన్రా? యజమాని సాయంత్రం ఒక పిల్లగాని భుజం తట్టి "రేపటి నుంచి నువ్వు చూసుకో" అంటడు. తెల్లారి అతను సార్ అయితడు. అతనికి పని నేర్పింది మాత్రం ఎనిమిదేండ్ల నుంచి ఆడ నిలబడ్డ అక్క.

ఈ భుజం తట్టుడు మీద ప్రపంచంలనే అతి పెద్ద షాపుల కంపెనీ మీద అమెరికాల కేసు నడిచింది. వాల్‌మార్ట్. 2018ల ఫ్లిప్‌కార్ట్‌ల పెద్ద వాటా కొని మన దేశం బజారుల గూడ గట్టిగ నిలబడ్డ కంపెనీ. బెట్టీ డ్యూక్స్ అనే నల్లజాతి ఉద్యోగిని, ఇంకొందరు ఆడవాళ్లు కలిసి 2001ల కోర్టుకు పోయిన్రు. దాదాపు 15 లక్షల మంది ఆడవాళ్ల తరఫున ఒక్క కేసుగ నడవాలని అడిగిన్రు. కోర్టు ముందుకొచ్చిన లెక్క ఇది: గంట జీతం పనుల్ల ఆడవాళ్లు 70 శాతం, మేనేజ్‌మెంట్‌ల 33 శాతం. ఖాళీలు ప్రకటించకుండ భుజం తట్టి ప్రమోషన్ ఇచ్చే పద్ధతి గూడ చర్చకు వచ్చింది. 2011 జూన్‌ల అమెరికా సుప్రీంకోర్టు వాళ్లందరినీ ఒక్క కేసుగ కలపడానికి ఒప్పుకోలేదు. ఏ షాపు మేనేజర్‌కు ఆ షాపు ఇష్టం వదిలేసిన్రు గాబట్టి, అందరికీ కలిపి ఒక్క విధానం ఉన్నదని రుజువు కాలేదని అయిదుగురు జడ్జీలు అన్నరు. నలుగురు ఆ మాటకు ఒప్పుకోలేదు. వివక్ష జరగలేదని కోర్టు తీర్పు చెప్పలేదు, కలిసి అడగొద్దన్నది గంతే. ఆ తీర్పుల మనం నేర్చుకోవాల్సింది ఉన్నది. రాసిపెట్టని పద్ధతే యజమానికి అందరికన్న పెద్ద వకీలు. రాతల లేనిది కోర్టుల నిలవదు.

మన దేశంల చట్టం లేదా? ఉన్నది. 1976ల సమాన వేతన చట్టం వచ్చింది. 1987ల దాన్ని సవరించి ప్రమోషన్, శిక్షణ, బదిలీల్ల గూడ తేడా చెయ్యొద్దని పేరుపెట్టి రాసిన్రు. అదే 1987ల మెకినన్ మెకంజీ కంపెనీ కేసుల సుప్రీంకోర్టు ఏం చెప్పింది? లేడీ స్టెనోగ్రాఫర్లు అని వేరే పేరు పెట్టి తక్కువ జీతం ఇచ్చుడు చెల్లదు, పనిని చూడాలెగాని పేరును గాదు అన్నది. 1979ల విదేశాంగ సర్వీసు అధికారి ముత్తమ్మ గారు ప్రమోషన్ కోసం సుప్రీంకోర్టు దాంక పోవాల్సి వచ్చింది. ఆడ అధికారి పెండ్లికి సర్కారు అనుమతి తీసుకోవాలన్న రూలు ఆ దినాల్ల ఉండేదంటె నమ్ముతరా? రాయబారి స్థాయి మనిషికే గట్లుంటె చీరల కౌంటర్ల పిల్ల ఏ లెక్క?

ఉద్యోగులు, విద్యార్థులు ఇక్కడ జర జాగ్రత్తగ వినాలె. ఆ 1976 చట్టం ఇప్పుడు వేతనాల కోడ్‌ల కలిసిపోయింది. కోడ్ మూడో సెక్షన్ జీతంల తేడా వద్దన్నది. పనిల పెట్టుకునేటప్పుడు, ఉద్యోగ షరతుల్ల తేడా వద్దన్నది. కాని 1987ల కష్టపడి చేర్పించుకున్న ప్రమోషన్, శిక్షణ, బదిలీ అన్న మూడు మాటలు అందుల పేరుపెట్టి లేవు. ఉద్యోగ షరతులంటె అవి గూడ వస్తయని మనం వాదించాలె. నిన్నటి దాంక రాసి ఉన్నదాన్ని ఇయ్యాల వాదించి తెచ్చుకోవాల్సి వస్తున్నది.

ఈ వాదన మనకు కొత్తదా? 1969 జనవరిల పాల్వంచ థర్మల్ స్టేషన్ కొలువుల కాడ మొదలైన లొల్లి ఏంది? ఖమ్మంల రవీంద్రనాథ్ నిరాహార దీక్ష ఎందుకు? మా జాగల మా కొలువులు ఎన్ని, ఎవరి చేతుల ఉన్నయి అనే గదా! 1985 డిసెంబర్ 30న 610 జీవో, 2001ల గిర్‌గ్లానీ కమిషన్, ఇవ్వన్నీ లెక్క అడిగితెనే వచ్చినయి. అప్పుడు మనకు ఏం జవాబు చెప్పిన్రు? "మీకు అర్హత లేదు. మీరు అడగలేదు. పని రాదు." ఇయ్యాల షాపుల ఆడపిల్లకు చెప్పే జవాబు అదే. ఆ జవాబు మనకు చెప్పిన దినం మనం ఒప్పుకోలేదు. మన అక్కకు చెప్పిన దినం ఎట్ల ఒప్పుకుంటం? రాష్ట్రం 2014ల వచ్చింది. తొలి మంత్రివర్గంల ఒక్క ఆడమనిషి లేదు. 2019 సెప్టెంబర్ దాంక లేదు. ఉద్యమంల బోనం ఎత్తనీకి, వంటావార్పు చెయ్యనీకి, రాస్తారోకోల కూసోనీకి ముందున్నోళ్లు కుర్చీల కాడికి వచ్చేసరికి ఎటు పోయిన్రు? బయటి యజమానిని అడిగినట్టె ఇంటి యజమానిని గూడ అడగాలె.

అయితె ఏం చెయ్యాలె?

ఒకటి, కాగితం. నియామక పత్రం, జీతం చీటీ అడిగి తీసుకోవాలె. ఏ తారీఖున చేరినవో, ఏ పనికి చేరినవో రాతల ఉండాలె. రేపు సీనియారిటీ అడగనీకి అదే ఆధారం.

రెండు, లెక్క. విద్యార్థులు ఈ పని పట్టుకోవాలె. ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం ఒక్కొక్క పెద్ద షాపుల ఆడవాళ్లెందరు, మగవాళ్లెందరు, ఇన్‌ఛార్జిలెవరు, ఎన్నేండ్లకు అయిన్రు, ఒక నోటుబుక్కుల రాయున్రి. పేర్లు బయటపెట్టకున్రి, పిల్లల కొలువులు పోతయి. అంకెలు చాలు.

మూడు, ఖాళీ అయిన ప్రతి జాగ నోటీసు బోర్డు మీద కనపడాలె. భుజం తట్టుడు బందు కావాలె.

నాలుగు, పది మంది, ఆపైన ఉన్న ప్రతి షాపుల లైంగిక వేధింపుల ఫిర్యాదు కమిటీ ఉండాలని 2013 చట్టం చెప్తది. 50 మంది దాటితె పిల్లల సంరక్షణ కేంద్రం ఉండాలె. ఉన్నయా, లేవా అని కార్మిక శాఖను అడగాలె. ఇల్లు ఎటపాకల ఉన్నా షాపు భద్రాచలంల ఉంటె ఫిర్యాదు తెలంగాణ కార్మిక శాఖకే. ఊర్లు ఆంధ్రల కలిసినయని మన పిల్లలను రెండు సర్కార్ల మధ్య తిప్పనియ్యొద్దు.

అయిదు, సంఘం. కేరళల కోజికోడ్ మిఠాయి బజారుల విజి అనే టైలరమ్మ, మూత్రశాల అడిగి సంఘం మొదలుపెట్టింది. కూసోనీకి కుర్చీ అడిగింది. 2014 ఆఖరుల త్రిస్సూరుల బట్టల షోరూం ఆడపిల్లలు బదిలీలు చేసినా జంకలేదు, షాపు ముందరే కూసున్నరు. 2018ల కేరళ చట్టం మార్చి కుర్చీ హక్కు ఇచ్చింది. 2021ల తమిళనాడు ఇచ్చింది. మన దగ్గర గూడ ఆ కుర్చీ చట్టంల రాయించుకోవాలె. కూసునే కుర్చీ అడిగినోళ్లే రేపు ఇన్‌ఛార్జి కుర్చీ అడుగుతరు. యజమాని భయం గూడ అదే.

ఆఖరుకు ఒక్క మాట. రేపు మీరు ఏ షాపుకు పోయినా, చీర ధర అడిగినంక ఇంకో మాట అడగున్రి: "మీ ఇన్‌ఛార్జమ్మ ఎవరు?" అని. కౌంటర్ అవతల ఉన్న పిల్ల నవ్వుతది. యజమాని తలెత్తి చూస్తడు. వందమంది అడిగితె జవాబు చెప్పక తప్పది.

జై తెలంగాణ.