కాలేజీ పిల్లలకు చదవడం నేర్పాలా?



కాలేజీలో చేరిన పిల్లలకు చదవడం నేర్పాలంటే మనలో చాలామందికి నవ్వొస్తుంది. "పన్నెండేళ్ళు చదివి వచ్చినవాళ్ళకు మళ్ళీ ఓనమాలా?" అంటాం. వంట రాకపోతే నేర్చుకోవచ్చంటాం, కుట్టు రాకపోతే నేర్చుకోవచ్చంటాం. చదువు దగ్గరికొచ్చేసరికి మాత్రం, మార్కులొస్తే తెలివి, రాకపోతే బద్ధకం. ఈ రెంటికీ మధ్య పద్ధతి అనేది ఒకటుందన్న సంగతి మనకు తోచదు. ఇవాళ ఆ పద్ధతిని గురించే నాలుగు మాటలు చెప్పుకుందాం.

ఇంటర్మీడియట్ వరకు మన పిల్లల చదువు ఎలా సాగుతుందో మీకు తెలియనిది కాదు. చాలాచోట్ల నోట్సు వాళ్ళే ఇస్తారు, ముఖ్యమైన ప్రశ్నలకు టిక్కు వాళ్ళే పెడతారు, స్టడీ అవరులో కూర్చోబెట్టి చదివిస్తారు. డిగ్రీలోనో ఇంజనీరింగులోనో చేరగానే ఇవన్నీ ఒక్కసారిగా పోతాయి. లెక్చరరుగారు గంటసేపు చెప్పి వెళ్ళిపోతారు. అందులో ఏది రాసుకోవాలి, ఏది వదిలెయ్యాలి, ఎప్పుడు చదవాలి అన్నది పిల్లలే తేల్చుకోవాలి. తెలుగు మీడియంలో చదివి వచ్చినవాళ్ళకైతే బరువు రెండింతలు. ఆంధ్రప్రదేశ్‌లో 2021–22 విద్యా సంవత్సరం నుంచి డిగ్రీ కోర్సులను ఇంగ్లీషు మీడియంలోకి మార్చారు. అంటే ఆ పిల్లలు ముందు భాషతో కుస్తీ పట్టాలి, ఆ తర్వాత పాఠంతో.

మా వీధిలో ఒకమ్మాయి సంగతి చెబుతాను. ఇంటర్ దాకా తెలుగులో చదివింది, మంచి మార్కులే తెచ్చుకుంది. బి.ఎస్సీ. మొదటి సెమిస్టరులో కెమిస్ట్రీ పోయింది. చదవలేదని అనడానికి లేదు, రాత్రి పన్నెండింటిదాకా పుస్తకం ముందే కూర్చునేది. కాలేజీలో సాయంత్రం పూట రెమిడియల్ క్లాసు పెట్టారు. వెళ్ళనంది. "అది మొద్దులకు పెట్టింది, నన్ను చూసి అందరూ నవ్వుతారు" అంది. ఈలోగా ఇంట్లో పెద్దవాళ్ళు, "ఎందుకొచ్చిన చదువు, మంచి సంబంధం ఉంది, చూద్దాం" అనడం మొదలుపెట్టారు. గమనించారా? మగపిల్లవాడికి ఒక పేపరు పోతే మళ్ళీ రాస్తాడులే అంటాం. ఆడపిల్లకు పేపరు పోతే చదువే పోయే ప్రమాదం ఉంది.

ఈ సిగ్గు మన పిల్లలకే కాదు, ఎక్కడైనా ఉన్నదే. అమెరికాలో కాన్సాస్ సిటీలోని మిస్సోరీ విశ్వవిద్యాలయంలో 1973లో డియానా మార్టిన్ అనే ఆవిడ దీనికొక చక్కని ఉపాయం కనిపెట్టారు. వెనకబడిన విద్యార్థులెవరని వెతకడం మానేసి, ఎక్కువమంది తప్పుతున్న సబ్జెక్టు ఏదని చూశారు. అందులో అంతకుముందే బాగా నెగ్గిన సీనియరు విద్యార్థిని ఒకరిని ఆ సబ్జెక్టుకు పెట్టారు. ఆ సీనియరు మళ్ళీ క్లాసులో కూర్చుని పాఠాలన్నీ వింటారు. తర్వాత పిల్లలతో కలిసి కూర్చుని, ఆ పాఠాన్ని ఎలా చదవాలో, ఎలా గుర్తుంచుకోవాలో చూపిస్తారు. అక్కడికి బాగా చదివేవాళ్ళూ వస్తారు, తడబడేవాళ్ళూ వస్తారు. కష్టమన్న పేరు సబ్జెక్టుకే పడుతుంది కాబట్టి మొద్దు అన్న ముద్ర ఎవరి మీదా పడదు.

ఇంతకీ ఇలాంటి క్లాసుల్లో ఏం నేర్పుతారు? మొదటిది నోట్సు రాయడం. కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన వాల్టర్ పాక్ అనే అధ్యాపకుడు చెప్పిన పద్ధతి ఒకటుంది. పేజీకి ఎడమవైపు రెండున్నర అంగుళాలు వదిలి గీత గీయాలి. కుడివైపు పాఠం వింటూ రాసుకోవాలి. ఇంటికొచ్చాక దాంట్లోంచి ప్రశ్నలు తీసి ఎడమవైపు రాయాలి. అడుగున రెండు మూడు వాక్యాల్లో సారాంశం రాయాలి. ఆ తర్వాత కుడివైపు కాగితం కప్పేసి, ప్రశ్న చూస్తూ జవాబు పైకి చెప్పుకోవాలి.

రెండోది మనకు కొత్తేమీ కాదు. పూర్వం మన పెద్దవాళ్ళు పిల్లలచేత పాఠం అప్పజెప్పించుకునేవారు కదా, అదే. 2006లో రోడిగర్, కార్పిక్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రజ్ఞులు ఒక పరీక్ష చేశారు. కొందరిచేత పాఠం రెండుసార్లు చదివించారు. మరికొందరిచేత ఒకసారి చదివించి, రెండోసారి పాఠం చూడకుండా గుర్తున్నది రాయించారు. అయిదు నిమిషాల తర్వాత చూస్తే రెండుసార్లు చదివినవాళ్ళదే పైచేయి. వారం తర్వాత చూస్తే వాళ్ళకు మిగిలింది నూటికి 42 పాళ్ళు, చూడకుండా రాసినవాళ్ళకు 56 పాళ్ళు! చదివిన వెంటనే "అంతా వచ్చేసిందమ్మా" అనిపించడం ఎంత మోసమో చూశారా?

మూడోది, చదువును పంచుకోవడం. ఆదివారం ఒక్కరోజే నాలుగు గంటలు కూర్చోవడం కంటే నాలుగు రోజులు రోజుకో గంట కూర్చుంటే ఎక్కువకాలం నిలుస్తుంది. మొక్కకు వారం నీళ్ళు ఒకేరోజు పొయ్యం కదండీ!

"ఇవన్నీ కాలేజీవాళ్ళ పనులు, మధ్యలో మేమేం చెయ్యగలం?" అంటారేమో. అప్పజెప్పించుకోవడానికి మనకు కెమిస్ట్రీ రానక్కర్లేదు. ఆ అమ్మాయి తల్లి చదివింది ఏడో తరగతి. సాయంత్రం చిక్కుడుకాయలు ఈనెలు తీస్తూ, "ఇవాళ ఏం చెప్పారే? నాకు తెలుగులో చెప్పు" అని అడగడం మొదలుపెట్టింది. "అంటే ఏమిటి? అలా ఎందుకవుతుంది?" అనేది. కూతురు ఎక్కడ తడుముకుంటే అక్కడ పుస్తకంలో గీత పెట్టించేది. అలా పది ప్రశ్నలు పోగయ్యాక, "ఇవి నాకు తెలీవు, మీ సాయంత్రం క్లాసులో అడిగిరా" అని పంపించింది. మొద్దునని తలవంచుకుని వెళ్ళడం వేరు, అడగడానికి ప్రశ్నలు పట్టుకుని వెళ్ళడం వేరు. ఆ అమ్మాయికి మొదటి ర్యాంకేమీ రాలేదు. పోయిన పేపరు గట్టెక్కింది, సంబంధం మాట వెనక్కి పోయింది. ఇప్పుడు మూడో సంవత్సరంలో ఉంది.

కనుక పిల్లను కాలేజీలో చేర్చేటప్పుడు ఫీజు, హాస్టలు, బస్సు ఎలా అడుగుతామో, ఇదీ అడుగుదాం. రెమిడియల్ క్లాసులున్నాయా? ఏ వేళకు? సీనియర్లు కూర్చోబెట్టి చెబుతారా? పరీక్ష పోయేదాకా ఆగక్కర్లేదు, మొదటి నెలలోనే అడుగుదాం. మార్కులు తగ్గిననాడు "ఎన్ని గంటలు చదివావు?" అనడం మాని, "ఎలా చదివావో చెప్పు" అందాం. అప్పుడు మార్కులు దాచుకోవలసిన అవసరం పిల్లలకు ఉండదు.