ఎంత పడింది?

(డాలస్‌లో ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)



కవిగారి తరవాత, భోజనాలకు ముందు మాట్లాడే అవకాశం నాకిచ్చారు. కవిత్వం విన్న చెవులతో ప్రింటర్ల గురించి వినడం కష్టమే. పైగా పులిహోర వాసన ఇక్కడిదాకా వస్తోంది. అందుకని త్వరగా ముగిస్తాను.

మన తెలుగువాళ్ళం ఎవరింటికైనా వెళ్ళినప్పుడు కొత్త టీవీయో, ఫోనో కనపడితే మొదట అడిగేది ఒకటే: "ఎంత పడింది?" ఇంటాయన ఎంత చెప్పినా, "అయ్యో, నాకో మాట చెబితే ఇంకా తక్కువలో ఇప్పించేవాణ్ణి కదండీ" అనడం మన మర్యాద. నేనూ ఇరవై ఏళ్ళుగా ఆ మర్యాద తప్పలేదు.

నేను 2004లో ఈ దేశం వచ్చాను. అవి రిబేట్ల రోజులు. వస్తువు కొని, అట్టపెట్టె మీది బార్‌కోడు కత్తెరతో కోసి, రసీదు జిరాక్సు తీయించి, ఫారం నింపి పోస్టులో వేస్తే, ఎనిమిది వారాలకు చెక్కు వచ్చేది. వస్తే వచ్చేది. "రిబేటు పోను ఉచితం" అని నేను కొన్న యాభై డాలర్ల రౌటరు తాలూకు చెక్కు కోసం ఇప్పటికీ చూస్తున్నాను. శనివారం వస్తే నలుగురు రూమ్మేట్లం ఒకే కారులో ఫ్రైస్‌కి వెళ్ళేవాళ్ళం. కొనడానికి కాదు, ధరలు చూడటానికి. 2021 ఫిబ్రవరిలో ఆ దుకాణాలన్నీ మూతపడ్డప్పుడు మా వాట్సాప్ గ్రూపులో చిన్నపాటి సంతాపసభే జరిగింది.

మాలో ఒకడు 2007 జూన్‌లో మొదటి ఐఫోను కోసం లైన్లో నిలబడి 599 డాలర్లు పోశాడు. సెప్టెంబరు మొదటి వారంలో అదే ఫోను 399 అయింది. తరవాత కంపెనీ వంద డాలర్ల స్టోర్ క్రెడిట్ ఇచ్చిందనుకోండి. కానీ వాడి బాధ ఆ రెండు వందలు పోయినందుకు కాదు. ఎవరింటికి వెళ్ళినా "ఎంత పడింది?" అని అడుగుతారు కదా, అందుకు. నేను మాత్రం అప్పట్నుంచీ ఏ వస్తువు కొనాలన్నా ఎక్సెల్ షీటు తెరవడం మొదలుపెట్టాను. వరసల్లో దుకాణాలు, నిలువుల్లో ధర, టాక్సు, కూపన్ను. ఇరవై డాలర్లు మిగల్చడానికి రెండు వారాలు. మా ఆవిడ ఓసారి, "మీ గంటకి మీ ఆఫీసువాళ్ళు ఎంతిస్తారో అది కూడా ఓ గడిలో వేయండి" అంది. వేయలేదు.

ఇండియాకి మోసుకెళ్ళిన వస్తువుల కథ వేరే పురాణం. ఒకప్పుడు టీవీలు మోశాం. 2013 ఆగస్టులో ప్రయాణికులు తెచ్చే ఫ్లాట్ టీవీల మీద 35 శాతం పైచిలుకు సుంకం పెట్టి ప్రభుత్వం మన నడుములు కాపాడింది. తరవాత ఫోన్ల వంతు. 2023 సంక్రాంతికి మా బావమరిది ఐఫోను 14 తెమ్మన్నాడు. అక్కడ 79,900 రూపాయలు. ఇక్కడ 829 డాలర్లు, పైన మన డాలస్ సేల్స్ టాక్సు 8.25 శాతం. అప్పటి మారకంలో లెక్కేస్తే ఆదా ఆరు వేల రూపాయల చిల్లర. దానికే నేను ఘనకార్యం చేసినట్టు పొంగిపోయాను. తీరా పెట్టె విప్పాక బావమరిది ఫోను నాలుగు వైపులా తిప్పి చూసి, "బావా, సిమ్ము ఎక్కడ పెట్టాలి?" అన్నాడు.

అమెరికాలో అమ్మిన ఐఫోను 14కి సిమ్ము పెట్టే చోటే లేదు. అంతా ఇ-సిమ్మే. ఇరవై ఏళ్ళ సాఫ్ట్‌వేర్ అనుభవం ఉన్న నాకు ఆ సంగతి తెలియక కాదు, నా షీటులో దానికి గడి లేదు. అతను పొలానికి వెళ్ళేటప్పుడు సిమ్ము తీసి పాత ఫోనులో వేసుకునే మనిషి. నెట్‌వర్కు వాళ్ళ దుకాణం కోసం గుంటూరు వెళ్ళి సగం రోజు కూర్చుని ఇ-సిమ్ము మార్పించుకున్నాడు. ఖరీదైన ఫోను బురదలోకి తీసుకెళ్ళలేడు, పాత ఫోనులో వేయడానికి సిమ్ము లేదు. చివరికి పొలానికని ఇంకో నంబరు తీసుకున్నాడు. ఆరు వేల ఆదా ఎటు పోయిందో మీరే చూసుకోండి.

మా నాన్న ఈ పొరపాటు చేసేవాడు కాదు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. 1990లో బోరుకి మోటారు కొనడానికి నన్ను కూడా తెనాలి తీసుకెళ్ళాడు. నాలుగు దుకాణాలు తిరిగాడు. ఎక్కడా ధర ముందు అడగలేదు. "వైండింగు కాలిపోతే మా ఊరి మెకానిక్కు చుట్టగలడా? బేరింగులు ఇక్కడ దొరుకుతాయా?" ఇదే అడిగాడు. అన్నిటికన్నా చవకదీ కొనలేదు, గొప్ప పేరున్నదీ కొనలేదు. మా ఊళ్ళో వైండింగు చుట్టే ఆయన "ఇది నాకు తెలుసు" అన్న మోటారు కొన్నాడు. తోవలో నేను "ఎంత పడింది నాన్నా?" అంటే, "ఇప్పుడే ఏం తెలుస్తుందిరా, పదేళ్ళు పోయాక చెబుతా" అన్నాడు.

అదే నాన్నకి 2011లో నేను స్మార్టుఫోను తీసుకెళ్ళాను. మూడు వారాల పరిశోధన చేసి కొన్నది. ఆయన దాన్ని తువ్వాల్లో చుట్టి బీరువాలో పెట్టాడు. జేబులో మాత్రం నోకియా 1100. పైన టార్చిలైటు ఉండేదే, గుర్తుందా? ప్రపంచంలో 25 కోట్లకు పైగా అమ్ముడైన ఫోను. రాత్రిపూట నీళ్ళు పెట్టడానికి వెళితే ఆ లైటే ఆయనకు దారి. "నువ్వు తెచ్చింది చూసుకోడానికి, ఇది వాడుకోడానికి" అన్నాడు. నాకు కొంచెం మనసు నొచ్చుకుంది. ఇప్పుడు ఆలోచిస్తే ఆ ఒక్క వాక్యం నా షీటు మొత్తానికి సమాధానం.

ఇక నేను నిజంగా చెప్పదలుచుకున్న సంగతి. ఇది ఎక్కువమందికి చెప్పలేదు.

2012 సంక్రాంతికి వెళ్ళినప్పుడు నాన్నని వరండాలో కూర్చోబెట్టి నలభై నిమిషాలు మాట్లాడించి, ల్యాప్‌టాపులో రికార్డు చేశాను. తాత పొలం కొన్న వైనం, మోటారు కథ, 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడు నాన్న కుర్రవాళ్ళతో కలిసి బియ్యం బస్తాలు వేసుకుని అవనిగడ్డ వైపు వెళ్ళడం, అక్కడ చూసినవి. ఆ సంగతులు అంతకు ముందు ఆయన నోట ఎప్పుడూ వినలేదు.

ఇక్కడికి వచ్చాక దానికి ఇంకో కాపీ తీసి పెట్టాలనుకున్నాను. బయట పెట్టుకునే హార్డ్ డిస్కు కావాలి. కానీ 2011 చివర్లో థాయ్‌లాండ్‌లో వరదలు వచ్చి డిస్కుల ఫ్యాక్టరీలు మునిగాయి. ప్రపంచమంతా ధరలు పెరిగాయి. నేను చూసిన డిస్కు తొంభై డాలర్లు కాస్తా నూట నలభై అయింది. తగ్గాక కొందామని ఆగాను. తగ్గింది. థాంక్స్‌గివింగుకి ఇంకా తగ్గుతుందని ఆగాను. ఆ తరవాత ఎందుకు ఆగానో నాకే తెలియదు. షీటులో ఆ వరస అలాగే ఉంది.

2014లో నాన్న పోయాడు. 2015 వేసవిలో ఓ రాత్రి ల్యాప్‌టాపులోంచి టక్ టక్‌మని చప్పుడు వచ్చింది. కంప్యూటర్ల వాళ్ళకి ఆ చప్పుడు ఏమిటో చెప్పక్కర్లేదు. డేటా బయటికి తీసే చోటికి పంపిస్తే పదహారు వందల డాలర్లు అన్నారు, ఎంత వస్తుందో హామీ లేదన్నారు. ఆ రోజు నేను బేరం ఆడలేదు, షీటు తెరవలేదు. నలభై నిమిషాల్లో పదకొండు నిమిషాలు వచ్చాయి. మోటారు కథ వచ్చింది. మధ్యలో అమ్మ కాఫీ తెచ్చి, "ఆ పెట్టె ముందు ఎంతసేపు కూర్చుంటారు" అనడం వచ్చింది. ఉప్పెన రాలేదు.

(సభలో ఇక్కడ కొంచెం ఆగాను. చదివేవాళ్ళు కూడా ఆగవచ్చు.)

అప్పట్నుంచి కొనే పద్ధతి మార్చాను. మరీ పెద్ద విద్య కాదు. మొదటి గడిలో ఎన్నేళ్ళు వస్తుంది, రెండో గడిలో ఎవరు వాడతారు, ఆ తరవాతే ధర. ఉదాహరణకి ఫోను. గూగుల్ 2023లో పిక్సెల్ 8కీ, శాంసంగ్ 2024లో ఎస్24కీ ఏడేళ్ళ అప్‌డేట్లు ఇస్తామన్నాయి. మధ్యలో ఓసారి బ్యాటరీ మార్చుకుంటే ఎనిమిది వందల ఫోను ఏడాదికి నూట ముప్ఫై లోపే పడుతుంది. రెండేళ్ళకే అప్‌డేట్లు ఆగిపోయే మూడు వందల ఫోను ఏడాదికి నూట యాభై. ప్రింటరు కూడా అంతే. యాభై డాలర్లకి వచ్చే ప్రింటరు నిజానికి సిరా అమ్మడానికి పెట్టిన కొట్టు. నెలకి పది పేజీలు తీసేవాళ్ళు నలుపు-తెలుపు లేజరు కొనుక్కోండి. దాని పొడి ఎండిపోదు. పిల్లల స్కూలు ప్రాజెక్టులకి రంగులు కావాలంటే సిరా సీసాతో పోసుకునే ట్యాంకు రకం మేలు. దుకాణంలో అంటగట్టే అదనపు వారంటీ సంగతి అడక్కండి, నేను తీసుకోను. ఆ డబ్బు వేరే పెట్టుకుంటే రిపేరుకి పనికొస్తుంది.

ఇంట్లో 2016 నాటి ల్యాప్‌టాప్ ఒకటుంది. 2025 అక్టోబరు 14న విండోస్ 10కి మామూలు సహాయం ఆగిపోయింది, దాని ప్రాసెసరు పాతదని విండోస్ 11 ఎక్కనివ్వలేదు. యంత్రం మాత్రం రాయిలా ఉంది. లినక్స్ వేశాను, డబ్బేం ఖర్చు కాలేదు. మా ఆవిడ అందులో తెలుగులో వంటల నోట్సు రాసుకుంటోంది. అన్నట్టు మా ఇంట్లో అన్నిటికన్నా గిట్టుబాటైన యంత్రం నేను కొన్నది కాదు. 2006లో ఆవిడ ఒక్క పూటలో చూసి కొన్న 110 వోల్టుల వెట్ గ్రైండరు. రెండుసార్లు బెల్టు మార్చాం, అంతే. నిన్న కూడా అందులోనే గారెల పిండి రుబ్బారు. ఈ సంగతి సభలో చెప్పాలని షరతు పెట్టి మరీ నన్ను పంపించింది.

ఆ పదకొండు నిమిషాలు ఇప్పుడు మూడు చోట్ల ఉన్నాయి. ఒకటి మా ఇంట్లో డిస్కులో, ఒకటి నెట్టులో, ఒకటి హైదరాబాదులో మా తమ్ముడింట్లో. ఏడాదికోసారి మూడూ తెరిచి ఆడుతున్నాయో లేదో చూస్తాను. ఆడించి చూడని కాపీ ఉన్నా లేనట్టే.

అమ్మ ఇప్పుడు మా దగ్గరే ఉంది. ఆదివారాలు మధ్యాహ్నం చిన్న మైకు పెట్టి ఆవిడ చేత మాట్లాడిస్తున్నాను. ఉప్పెన గురించి నాన్న ఇంటికొచ్చి ఏం చెప్పాడో ఆవిడకు కొంత గుర్తుంది. మొదటి వారం కాలరుకి మైకు తగిలిస్తుంటే వంగి చూసి, "ఇది ఎంత పడిందిరా?" అంది. చెప్పాను. "అంతా!" అని, చీర సర్దుకుని మొదలుపెట్టింది.

భోజనాల లైన్లో ప్రింటర్ల గురించి అడగదలిచినవాళ్ళు నన్ను పట్టుకోవచ్చు. గ్రైండరు గురించైతే మా ఆవిణ్ణి అడగండి. సెలవు.